ఏడో పేరు

నగరిలో మగ్గాల వీధి, ఆదివారం పొద్దున. తాయమ్మ ఇంటి వాకిట్లో ఎన్నడూ చూడని పెద్దమనిషి ఒకాయన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వచ్చి పది నిమిషాలైనా ఆమె ఇంకా లోపలికి రమ్మనలేదు.

"అది కాదమ్మా, నేను ఏమీ అమ్మేదానికి రాలేదు. రేడియో స్టేషన్ మనిషినని చెప్తాండా కదా."

"రేడియో స్టేషనా? అది మూసేసినారు కదా సార్. మూసేసిన దాన్నుంచి ఎట్ల వస్తారు?"

"మూసేసింది మొన్న. నేను రిటైరయి పదైదేండ్లు. నా పేరు జయచంద్ర, తిరపతిలో ఉంటా. అప్పట్లో జాబుల సెక్షన్ నాది. మీరు రాసిన కార్డులన్నీ నా చేతి మీదుగానే పోయేటివి."

"నా కార్డులా?"

"ఆదివారం సాయంత్రం, శ్రోతలు కోరిన పాటలు. నగరి నుంచి మునస్వామి, తాయమ్మ, మోహన, అమల, ధనంజయ, మునెయ్య, ఐశ్వర్య. సూడండి, కాగితం లేకుండా చెప్పినా."

"ఆ పేర్లు ఇంకా గ్యాపకం పెట్టుకోనుండారా మీరు."

"ఎట్ల మర్చిపోతాను. తాయమ్మ మీరేనా?"

"నేనే."

"మిగతావాళ్ళు యాడమ్మా? ఇంట్లో సప్పుడే లేదు."

"ఈ వీధిలో మగ్గాల సప్పుడు దాటి ఇంకేం వినపడతాది సార్. నీళ్ళు తాగండి."

"మునస్వామి గారు?"

"బయటికి పోయినాడు."

"మోహన?"

"ఆయనా బయటికే."

"అమల?"

"అమలను… పుత్తూరులో ఇచ్చినాము."

"ధనంజయ, మునెయ్య?"

"మద్రాసుకు పోయినారు. ఇద్దురూ ఒకే బస్సుకు."

"ఐశ్వర్య?"

"మీరు బస్సు యాడ దిగినారు సార్?"

"బస్టాండులోనే. ఐశ్వర్య యాడుండాదమ్మా?"

"ఎండన పడి వచ్చినట్టుండారు. మజ్జిగ తెస్తా ఉండండి."

"మజ్జిగ వద్దమ్మా. అన్న లాంటోణ్ణి, దాపరికం లేకుండా చెప్తా. పోయిన మాఘంలో మా ఇంటామె పోయింది. ఇంట్లో ఒక్కణ్ణే. గోడలకేసి ఎంతసేపని చూస్తాను. ఆ బిడ్డను ఒక్కసారి కళ్ళారా చూసి పోదామని వచ్చినా. ఇప్పుడు నలభై దాటుంటాయి దానికి."

"దాని వయసు మీకెట్ల తెలుసు? కార్డులో నేను వయసులు రాయలేదే."

"ఊరికే లెక్కేసుకున్నాలే. ఎన్నో ఏండ్లు విన్న పేరు కదా."

"అందర్నీ అడిగినారు, బాగుంది. ఆమె దగ్గరికొచ్చేసరికి సంచి గట్టిగా పట్టుకుంటాండారు. ఏముండాది దాంట్లో?"

"చీర. ఈడ బస్టాండు కాడ అంగట్లోనే కొన్నా. నగరి బిడ్డకు నగరి చీరే తెచ్చినాడు చూడు అని నవ్వద్దండి."

"నవ్వలేదు సార్."

"ఎరుపు బాగుంటాదా ఆమెకు?"

"స్టేషన్ ఎందుకు మూసినారు సార్? నేను ఇప్పటికీ సాయంత్రమైతే తిప్పతానే ఉంటా. గుయ్యిమంటాది, అంతే."

"పాతకాలపు మిషన్లంట. ఇప్పుడంతా ఎఫ్.ఎం. అంట. ఆ ఎఫ్.ఎం. మన కొండ దాటి రాదమ్మా. మాదైతే పొద్దుగూకేకొద్దీ ఎంతెంత దూరమో పోయేది. సముద్రంలో పడవ మీద వింటాండామని జాలరోళ్ళు రాసేవాళ్ళు. మొన్న ఆ పక్కకు పోతే, టవర్ కోసి లారీకి ఎత్తతాండారు. నిలబడలేక వచ్చేసినా. వినేవాళ్ళు లేరు కదా సార్ అన్నాడు ఆడుండే ఇంజినీరు."

"వినేవాళ్ళు లేరని ఎవురు చెప్పినారు? నన్నెవురూ అడగలేదే."

"పాటలు ఫోన్లో వస్తాయి కదా అంటారు."

"పాటలకేం సార్, ఎన్నైనా వస్తాయి. ఆ ఫోను నా పేరు చదవతాదా?"

"చదవదు."

"మరి?"

"నిజమేనమ్మా. సరే, వాళ్ళు ఎంతసేపటికి వస్తారు? నేను కూర్చుంటా. సాయంత్రం దాకా అయినా కూర్చుంటా."

"రారు సార్."

"పోనీ రేపొస్తా. తిరపతి ఎంత దూరం."

"రేపూ రారు. వాళ్ళు లేరు."

"లేరంటే… ఎవురెవురు పోయినారమ్మా? ఐశ్వర్య బాగుండాది కదా? అది చెప్పండి ముందు."

"ఎవురూ పోలేదు. పుట్టుంటే కదా సార్ పోయేదానికి."

"ఏం చెప్తాండారో నాకు అర్థం కాలేదు."

"ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పుడూ నేనొక్కదాన్నే. మునస్వామి లేడు, మోహన లేడు. పుత్తూరులో ఇచ్చేదానికి అమలా లేదు. అన్నీ నేను రాసుకున్న పేర్లు."

"ఊరికే అంటాండారు."

"మీరు అంత దూరం నుంచి వస్తే ఊరికే ఎందుకంటాను. మా అమ్మ పోయేటప్పటికి నాకు ఇరవై మూడు. మగ్గం, రేడియో, నేను. ఒక పొద్దు ఆశపడి కార్డు రాసినా, ఒట్టి తాయమ్మ అని. మీవాళ్ళు చదివినారు, వీధి పేరుతో సహా."

"అడ్రసు మొత్తం చదివేది అప్పట్లో."

"చదివినందుకు పద్నాలుగు జాబులొచ్చినాయి. అన్నీ మొగోళ్ళవే. ఒకడు ఫొటో పంపినాడు. ఇంకొకడు నేరుగా వచ్చి, ఇదో, మీరు కూర్చోనుండే తావే నిలబడినాడు. వీధి వీధంతా సూసింది. నేతకు నూలిచ్చే మా మేస్త్రీ నెలరోజులు నాతో మాట్లాడలేదు."

"మాకు తట్టలేదమ్మా అట్లయితాదని."

"మీకెందుకు తట్టతాది. పోనీ కార్డు రాసేది మానుకుందామా అంటే మనసొప్పలే. నా పేరు అంత దూరం నుంచి పలికితే వినేదానికి రుచి మరిగినా. అందుకని నా పేరు ముందర మునస్వామిని నిలబెట్టినా. మొగుడనుకోనీ, నాయననుకోనీ, ఎవురికి తోచింది వాళ్ళనుకోనీ. జాబులు టక్కున ఆగిపోయినాయి."

"మరి తక్కినవాళ్ళు?"

"ఒకడుంటే ఇల్లు నిండతాదా సార్? నెలకొకర్ని కలుపుకుంటా పోయినా. ధనంజయ మా ఊరి బస్సు కండక్టరు పేరు. మునెయ్యది పోస్టాఫీసులో ఎవురో పిలస్తాంటే విన్నా. మీ స్టేషన్లో పేర్లు చదివినంతసేపూ అందరూ నా చుట్టూ కూర్చోని వింటాండినట్టే ఉండేది. పాటైపోయినాక మళ్ళా నేనొక్కదాన్నే. ఏడుపొచ్చేది. మీకాడ దాచేదేముంది."

"ఒకసారి మునస్వామి పేరు లేకుండా కార్డొచ్చింది. అయ్యో, పెద్దాయనకు ఏమైందోనని నేను ఆ పొద్దు అన్నం తినలే."

"కార్డులో చోటు సాల్లేదు సార్, అంతే."

"పై వారం మళ్ళా వచ్చినాడు. ఆఫీసులో అందరికీ టీ ఇప్పించినా."

"మునస్వామి కోసమా?"

"మునస్వామి కోసమే. మరి ఉన్నట్టుండి కార్డులెందుకు నిలిపేసినారమ్మా? ఎంత దిగులుపడినానో."

"కార్డులొద్దు, ఫోన్ చేయండి అన్నది మీరే కదా. ఫోన్లో అంతమంది గొంతులు నేనెట్ల తెచ్చేది?"

"అదీ నిజమే. ఏడు గొంతులు…"

"ఆరు."

"ఏడు కదమ్మా."

"ఆరే సార్. అదే చెప్పబోతాండా. ఏడో పేరు నేను పెట్టింది కాదు."

"ఇంకొంచెం నీళ్ళిస్తారా."

"ఇస్తా గానీ ఇనండి. ఎనభై ఆరో సంవత్సరం. ఉగాది అయిపోయిన ఆదివారం. నా ఆరు పేర్లూ వరసగా వచ్చినాయి, ఆపైన ఐశ్వర్య అన్నారు. ఆ పేరు నా కార్డులో లేదు. పొరపాటున చదివినారేమో అనుకున్నా. పై వారం మళ్ళా ఐశ్వర్య."

"ఈ వాకిట్లోకి ఎండ బాగా కొడతాందే."

"మాట మార్చద్దండి. మూడో వారం నుంచి నేనే రాసినా ఆ పేరు. ఎవురో ఏమో, నా ఇంటికొచ్చింది, బయట నిలబెట్టేదెట్ల అని. మిగతావాళ్ళు నేను కల్పించినోళ్ళు, వాళ్ళ మీద నాకు ఆశ లేదు. ఈ ఒక్కతే యాడనో నిజంగా ఉండాదని నా నమ్మకం. ఇన్నేండ్లూ ఒకటే ఆలోచన, ఎవురు పంపినారు ఈ బిడ్డను నా తావకని. కార్డులన్నీ మీ చేతి మీదుగా పోయేటివన్నారే?"

"పేర్లన్నీ తెల్లకాగితం మీదికి ఎత్తి రాసి, చదివే ఆయమ్మ చేతికిచ్చేది నా పని."

"అయితే మీకు తెలిసుండాల."

"తెలుసు."

"ఎవురు రాసినారు?"

"నేనే."

"మీరా? ఎందుకు సార్?"

"రెండుసార్లు రాసినా, దొంగతనంగా. మూడోసారి రాద్దామని మీ కార్డు తీస్తే, మీ చేతిరాతలోనే ఐశ్వర్య అని ఉండాది. పెన్ను మూసి పక్కన పెట్టేసినానమ్మా. నిజంగానే ఆ ఇంట్లో ఆ పేరుతో ఒక బిడ్డ ఉండాదనుకున్నా. ఉండాది, పెరగతాంది, చదువుకుంటాంది అనుకుంటానే ఇన్నేండ్లు నెట్టుకొచ్చినా. ఈ చీర కూడా అందుకే."

"ఐశ్వర్య ఎవురు సార్?"

"నా బిడ్డ. ఆ ఏడు శివరాత్రి ముందర జరమొచ్చి పోయింది. దానికప్పుడు నాలుగేండ్లు. ఇంట్లో ఆ పేరెత్తితే మా ఇంటామె మనిషి కాకుండా పోయేది. నేను యాడ పలకాల దాన్ని?"

"అన్ని కార్డుల్లో మా ఇల్లే ఎందుకు ఎంచుకున్నారు?"

"దానికి ఒంటరిగా ఉండాలంటే బయం తాయమ్మా. మీదైతే ఇంటినిండా మనుషులుండే ఇల్లు కదా, తోడుంటారని మీకాడ వదిలిపెట్టినా."