గుడ్ల అట్ట రైలు

హలో… ఆ అక్కా, నేనే. చెప్పు…

లేదు, ఇంట్లో లేను. కింద ఉన్నా… చెత్తడబ్బా దగ్గర.

సరిగ్గానే విన్నావు. మా బిల్డింగ్ మొత్తానికీ ఒక్కటే ఉంది చూడు, ఆ పెద్ద డబ్బా. అందులో చెయ్యి పెట్టి నిలబడ్డా… ఉండు, ఫోన్ భుజం మీద ఇరికించుకుంటా…

యాక్! ఎవరిదో కుళ్ళిన టమాటా… వేళ్ళ సందుల్లోంచి జారింది.

ఉంగరమా? ఉంగరం పోయినా ఇంత బాధ ఉండేది కాదు. మన బుడ్డోడి రైలు కోసం వెతుకుతున్నా.

చెప్తా, చెప్తా… వాడి ప్లేస్కూల్లో ఇవాళ పోటీ పెట్టారు కదా… ఆ, అదే. పారేసే వస్తువులతో పిల్లలే ఇంట్లో ఏదో ఒక బొమ్మ చేసుకు రావాలి. రంగులూ, లెక్కలూ ఆటలోనే వచ్చేస్తాయని…

పిల్లలా! ఒక్కడు చేసుంటే ఒట్టు. ఒకావిడ కొత్త జ్యూస్ సీసాలు నాలుగు కొని, మొత్తం సింకులో పారబోసి, ఖాళీవి పట్టుకొచ్చింది. పైగా నవ్వుతూ చెప్తోంది, సిగ్గు లేకుండా… ఇంకొకాయన వడ్రంగి చేత అట్టపెట్టెల మేడ కట్టించాడు. మెట్లూ, కిటికీలూ, లోపల లైటూ! పాపం, ఆ పిల్ల ముట్టుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చాడు, పాడవుతుందని… అసహ్యమేసిందనుకో.

మనవాడిదా?…

మనవాడికి మొదటి బహుమతి వచ్చింది.

వద్దు, అరవకు… ముందు విను.

వాడు నిజంగానే చేశాడక్కా. వారం రోజులు కూర్చుని చేశాడు. గుడ్ల అట్ట కత్తిరించి ఇచ్చానంతే నేను. రంగు వాడే పూశాడు, సగం అట్టకి, సగం మొహానికి. సీసా మూతలు చక్రాలు. ఒక మూత తీసుకెళ్ళి పైకప్పు మీద అంటించాడు. అదేంట్రా అంటే, 'ఆ చక్రం బజ్జుంది' అన్నాడు…

అవును, ముద్దుగానే ఉంది. ఇప్పుడు తెలుస్తోంది. పొద్దున మాత్రం నాకు జిగురు కారడమే కనిపించింది. వంకర కనిపించింది. నలుగురిలో పెడితే ఏమనుకుంటారోనని… వాడు లేవకముందే నేనే ఇంకోటి చేసేశా.

ఆ. నేనే. స్కేలు పెట్టి గీతలు గీసి, చక్రాలన్నీ వరసగా అంటించి… వాడిది కవర్లో చుట్టి కింద ఈ డబ్బాలో పడేశా.

వాడికేం చెప్పలేదు. కొత్తది తీసుకెళ్ళి నేరుగా టీచరమ్మ చేతికిచ్చేశా.

తిట్టు. ఇంకా తిట్టు, నోరెత్తితే అడుగు.

స్టేజీ మీదికి పిలిచి రైలు చేతికిచ్చారు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు… మైకు మూతి దగ్గర పెడితే, 'ఇది నాది కాదు. నా రైలేదీ?' అన్నాడు. అంతా గొల్లున నవ్వారు. టీచరమ్మ కూడా. బహుమతి కప్పు వాడి చంకలో కుక్కి ఫోటో తీశారు. ప్లాస్టిక్ కప్పు, దాని మీద మళ్ళీ ప్లాస్టిక్ కవరు! నేనేం చేశానో తెలుసా… చప్పట్లు కొట్టా. అందర్నీ చూసి మూతి తిప్పుకున్నదాన్ని… నా మీద నాకే రోత పుట్టిందక్కా.

వచ్చినప్పటినుంచీ మంచం కిందా, బీరువా వెనకా వెతుకుతున్నాడు. ఏడవట్లేదు. ఏడ్చినా బాగుండేది…

ఉండు… ఉండుండు. ఇది నా కవరే! దొరికింది.

అయ్యో… ఎవరివో విరిగిపోయిన పాలు, అన్నీ దీని మీదే కారాయి. అట్టంతా నాని ముద్దయిపోయింది. ఊఁ… పురుగులు కూడా.

ఒక్క నిమిషం, మీ మరిది వాణ్ణెత్తుకుని కిందికొస్తున్నాడు… లైన్లో ఉండు.

…నాన్నా, ఇదిగోరా నీ రైలు. నేనే పారేశాను… బాలేదనుకున్నా… కాదు కాదు, నువ్వు బాగానే చేశావు. అమ్మే తప్పు చేసింది.

…చూస్తున్నాడక్కా. ముక్కు మూసుకున్నాడు. వద్దంట.

ఆ కప్పా? రేపు పొద్దున్నే తిరిగిచ్చేస్తా. చేసింది నేనని పెద్ద మేడంకే చెప్తా… నవ్వుకోనీ, నవ్వుకుంటే నవ్వుకోనీ…

ఆగాగు, ఏదో అంటున్నాడు. ఏంట్రా?… ఇంకోటా? చేద్దాం నాన్నా, ఇప్పుడే చేద్దాం…

'చేద్దాం' కాదట అక్కా. వాడే చేస్తాడట. నేను పక్కన కూర్చోవాలట… చేతులు కట్టుకుని.

నవ్వకు నువ్వు… సరే, ఉంటా. పిలుస్తున్నాడు… వస్తున్నా నాన్నా, ఈ కంపు కడుక్కుని వస్తున్నా… లేదురా, ముట్టుకోను. ఒట్టు.