ముప్పై ఏడేళ్ల ఆయుష్షు మీద నా అనుమానం

అధ్యక్షస్థానంలో ఉన్న జిల్లా ఆరోగ్యాధికారి గారికి, నా పక్కనే కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న గ్రామ మునసబు లక్ష్మన్న గారికి, ఎండలో బండ్లు కట్టుకుని వచ్చిన పదకొండు ఊళ్ల పెద్దలకు, ఆఫీసు మిత్రులకు, ఆ తడిక అవతల కూర్చున్న అక్కచెల్లెళ్లకు, ఈ సాయంత్రం ఐదు గంటలకు ఉద్యోగం విరమిస్తున్న జనన మరణాల గుమాస్తా జమాలుద్దీన్ చేసుకునే నమస్కారం, సలాం.

ఇంతవరకు మాట్లాడినవాళ్లంతా నన్ను నిక్కచ్చి మనిషి అన్నారు. నా వెనకాల మీరు అనే పేరు వేరే ఉందని నాకు తెలుసు. అనుమానాల సాబు. (నవ్వులు) నవ్వండి, తప్పులేదు. పాలవాడు పోసిన పాలలో వేలు ముంచి చూస్తాను, ఇంటికి వచ్చిన చుట్టం బాగున్నారా అని అడిగితే ఇతనికి ఏం కావాలో అని ఆలోచిస్తాను, ముప్పై ఒక్క ఏళ్లు చావుపుటకల చీటీలు చదివిన మనిషికి ఇంకే గుణం వస్తుంది చెప్పండి. ఆ గుణంతోనే ఇవాళ నా తలకు పైన పందిరికి కట్టిన ఆ గుడ్డను కూడా చూస్తున్నాను. మన బడిపిల్లలు అందంగా రాశారు. 'దేశానికి సగటు ఆయుష్షు ముప్పై రెండు, మన ఊళ్లకు ముప్పై ఏడు.' ఆ ఐదేళ్లు నా పుణ్యమేనని ఇంతకుముందు మాట్లాడిన పెద్దలు సెలవిచ్చారు.

పోయిన ఏడాది పైనుంచి ఆ అంకె వచ్చినప్పుడు ఆఫీసులో అందరూ బెల్లం పంచుకున్నారు. నాకు మాత్రం ఆ బెల్లం గొంతు దిగలేదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య ఉన్న ఊళ్లు మనవి. వేసవి వస్తే కడవ నీళ్లకు రెండు మైళ్లు నడుస్తాం. వానలు లేని ఏట జొన్న సంకటి ఒక పూటే. మరి మనం దేశం కన్నా ఐదేళ్లు ఎక్కువ ఎట్లా బతుకుతాం? కృష్ణా గోదావరి నీళ్లు తాగేవాళ్లు చేయలేని పని మనమెట్లా చేశాం?

అనుమానం అక్కడ పుట్టింది. అదే నెలలో ఇంకో కాగితం వచ్చి దాన్ని పెంచింది. మనం మూడేళ్లుగా అడుగుతున్న ప్రసూతి కేంద్రం దరఖాస్తు తిరిగి వచ్చింది. ఈ ప్రాంతంలో జనం దేశపు సగటుకన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారు గనుక కేంద్రం అవసరం లేదు, అని ఉంది దాని మీద.

ఆషాఢంలో మన ఊరి బసమ్మను నొప్పులతో బండిలో ఆదోనికి తీసుకుపోతుంటే దారిలోనే ఆడబిడ్డ పుట్టింది. మూడు రోజులు బతికింది. ఆ సంగతి ఊరంతా తెలుసు. నా రిజిస్టరులో వెతికాను. పుట్టినట్టూ లేదు, పోయినట్టూ లేదు.

మొదట మునసబు గారిని అనుమానించాను. లక్ష్మన్న గారూ, లేవకండి, ఇప్పుడు లేదు ఆ అనుమానం. (నవ్వులు) మెప్పు కోసం చావులు దాచారేమో అనుకున్నాను. తరువాత తలారి హుసేనప్పను. చీటీలు తెచ్చే బద్ధకంతో వదిలేశాడేమో అనుకుని, పిలిపించి గట్టిగా కేకలేశాను. అదిగో, అక్కడ స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆ రోజు అతను అన్నమాట అన్నట్టే చెబుతాను.

"నేను తెచ్చినా గద సాబ్! రెండు దినాల బిడ్డ పోయిందని సీటీ తెచ్చినా. పేరు ల్యాదని నువ్వే ఎర్రసిరాతో కొట్టేసి ఎనక్కి పంపితివి. మల్ల ఇంగోటి తెచ్చినా, అదీ పంపితివి. పేరు ల్యాకుండా సచ్చిపోతే రాయకూడదేమో అనుకొని అందరం మానుకుంటిమి."

నా బీరువాలో పాత చీటీలు తీసి చూశాను. 'పేరు లేదు, తిప్పి పంపడమైనది.' దస్తూరీ నాదే.

మన పద్ధతి మీకు నేను చెప్పాలా? తొట్లెలో వేసేదాకా బిడ్డకు పేరు పెట్టరు. మా ఇళ్లలో ఏడో రోజు, క్రైస్తవుల ఇళ్లలో బాప్తిస్మం. ఈలోగా పోయిన బిడ్డకు పేరుండదు. నా కాగితంలో మొదటి గడి పేరుది. గడి ఖాళీగా ఉంటే చీటీ తప్పు అనుకున్నాను. పై అధికారులు అడగలేదు, నేను ఆలోచించలేదు. డెబ్బై ఏళ్ల అవ్వ, మూడు రోజుల బిడ్డ, ఇద్దరినీ కలిపి చూస్తే సగటు ముప్పై ఐదు. బిడ్డను రాయకపోతే డెబ్బై. ఊరి ఆయుష్షు పెరగడానికి ఊరు బతకనక్కరలేదు, నా ఎర్రసిరా చాలు.

మన మంత్రసాని భీమక్క దగ్గరికి పోయాను. ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ముఖంలోకి చూసింది. "తొట్లెలోకి ఎక్కకముందే పోయిన బిడ్డల్ని అడిగిన మొగోడివి నువ్వొక్కడివే సాబ్. ఇన్నేండ్లు యాడ పోయింటివి?" అంది. ఏమమ్మా భీమక్కా, అన్న్యావా ల్యాదా? (తడిక అవతల నుంచి "అంటి, అంటి!" నవ్వులు) ఆమే నన్ను మిగతా ఊళ్ల మంత్రసానుల దగ్గరికి వెంటబెట్టుకుని పోయింది. మూడేళ్లలో పోయిన పేరు లేని బిడ్డలు నూట యాభై ఒక్కరు. అందరినీ ఒక పుస్తకంలోకి ఎక్కించాను. బడిలో లెక్కలు చెప్పే యేసేపు గారు వాళ్లను కలిపి మళ్లీ సగటు కట్టారు. ముప్పై ఒకటి. దేశం కన్నా ఒక ఏడాది తక్కువ. పిల్లలూ, మీరు నొచ్చుకోకండి, ఆ గుడ్డ మీద అంకె మార్చాలి.

ఆ పుస్తకం పూర్తయిందని ఇంట్లో చెబితే నా భార్య షరీఫా బీ అడిగింది, "మన బిడ్డలిద్దరూ ఉండారా దాంట్లో?" అని. ఇది మూడేళ్ల పట్టీ, మనవాళ్లు పోయి ఇరవై ఐదేళ్లు దాటింది అన్నాను. "అయితే పుట్టలేదనా?" అంది. ఆ రోజుల్లో కూడా చీటీ రాయవలసినవాణ్ణి నేనే. ఏడో రోజు రాలేదని రాయలేదు.



అయ్యా ఆరోగ్యాధికారి గారూ, పుస్తకం ఇదిగో. ఐదు దాటితే నా సంతకానికి విలువ లేదు గనుక పొద్దున్నే ప్రతి పేజీ మీదా, మూడేళ్ల పట్టీకి ముందు కొత్తగా కుట్టిన పేజీ మీదా సంతకం చేశాను. మీరు మంచివారే. అయినా ఇది మీ బీరువాలో నిద్రపోతుందని నా అనుమానం. అందుకే ఇంకో రెండు ప్రతులు తీసి, ఒకటి భీమక్క ఇంట్లో, ఒకటి యేసేపు గారి దగ్గర పెట్టాను. (నవ్వులు, చప్పట్లు) శాలువా కప్పుదురు గాని, ముందు పుస్తకం అందిందని రసీదు రాసివ్వండి. దాని కింద ప్రసూతి కేంద్రం దరఖాస్తు మళ్లీ చూస్తామని ఒక్క ముక్క రాయండి. ఇంత ప్రేమతో నన్ను సాగనంపుతున్న మీ అందరికీ నా కృతజ్ఞతలు.

రసీదులో పుస్తకం గుర్తుగా మొదటి వరుస రాసుకోండి, నేను చెబుతాను. పేరు, పెట్టలేదు. ఆడబిడ్డ. వయసు, నాలుగు రోజులు. తల్లి, షరీఫా బీ. తండ్రి, జమాలుద్దీన్, గుమాస్తా.

రాశారా? అయితే నాకు సెలవు.