గాజుల చెంచయ్య సైకిలు కాపలా

గాజుల చెంచయ్య ఉండేవాడంట. సైకిలు మీద ఊరూరా తిరిగి ఆడోళ్ళకి గాజులు తొడిగేవాడు. మనిషి మంచోడే, చెయ్యి కూడా మెత్తన, కాకపోతే అంతకుముందు ఒక సైకిలు ఎవడో ఎత్తుకుపోయినాడనుకో, ఆ దిగులు పోలా ఆయనకి. రెండోది కొన్నాక ఇంక దాని కాపలాతోనే సరిపోయింది బతుకు. యాడ ఆపినా స్తంభానికి గొలుసు, చక్రానికి తాళం, అదీ చాలక తలగుడ్డ విప్పి హ్యాండిలుకీ కిటికీ ఊచకీ కలిపి ముడేసేవాడంట. అరుగు మీద కూర్చుని గాజు ఎక్కిస్తా ఎక్కిస్తా చూపు మాత్రం సైకిలు మీదే. ఒకసారి గాజు చిట్లి ఒకామె మణికట్టు తెగింది. "ఏందయ్యా చెంచయ్యా, గాజు నాకు తొడుగుతున్నావా, ఆ సైకిలుకి తొడుగుతున్నావా?" అని ఆమె కసిరితే, "తప్పైపోయిందమ్మా, నిద్ర ఉండట్లా" అన్నాడంట. నిజమే, పెడలు మీద చెయ్యేసి పడుకునే మనిషికి నిద్ర యాడొస్తది?

ఏమైందంటే, ఒకరోజు సరుకు కోసం టవునుకి పోయి, వచ్చేటప్పుడు ఎండకి తొక్కలేక సైకిల్ని బస్సు మీదకెక్కించినాడు. తాడుతో అటు కట్టి ఇటు కట్టి, బస్సు ఆగిన చోటల్లా దిగి పైకి చూసేవాడంట. కండక్టరు, "పెద్దాయనా, ఎక్కుతావా దిగుతావా, ఏదో ఒకటి తేల్చు" అని అరిస్తే సిగ్గుపడి కూర్చున్నాడు. కూర్చున్నాడా, కునుకు పట్టింది. పాపం, ఎన్నాళ్ళ నిద్రో! ఊరొచ్చినాక దిగి చూస్తే పైన తాడుంది, సైకిలు లేదు. ఏడవలా, అరవలా. గాజుల మూట భుజానేసుకుని ఇంటికి నడిచిపోయినాడు. పోయి ఎట్టా నిద్రపోయినాడంటే, పెళ్ళాం ఆదెమ్మ భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందంట.

అట్టా నడుస్తానే వానాకాలం గడిచింది. కాళ్ళు పగిలినాయి, దూరం ఊళ్ళు వదులుకున్నాడు, ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలిగేది. ఇట్టుండంగా ఒకనాడు పశువుల ఆసుపత్రి ముందర కూర్చుని కాళ్ళు పిసుక్కుంటా ఉంటే, ఒకాయన జబ్బు మేకని సైకిలు వెనక క్యారేజీ మీద కట్టుకుని వచ్చి దిగినాడు. చూస్తే తన సైకిలే! సీటు చినిగితే ఆదెమ్మ ఎర్రదారంతో వేసిన కుట్లు అట్టానే ఉన్నాయి. ఆయన మేకని దించి, సైకిల్ని స్తంభానికి ఇంత లావు గొలుసుతో కట్టి, చెంచయ్యతోనే అంటాడు గదా, "అన్నా, కాస్త దీన్ని కనిపెట్టుకుని ఉండవా? దొంగలెక్కువైనారు." నవ్వాలో ఏడవాలో తెలియలా చెంచయ్యకి. తల ఊపినాడు. మళ్ళీ కాపలా! నలుగుర్నీ పిలుద్దామనుకున్నాడు గానీ, పిలిస్తే ఈ మనిషిని చావగొడతారు. బయటికి రానీ, మొహం మీదే అడిగేస్తా అనుకుని కూర్చున్నాడంట.

ఆయన వచ్చినాడు. మేక భుజం మీద వేలాడతా ఉంది. "సూది వేసేలోపే పోయిందన్నా, ఇంట్లో ఉన్నది ఇదొక్కటే" అన్నాడు. చెంచయ్య లేచి నిలబడినాడు. మెల్లిగా, "ఈ సైకిలు నాదయ్యా, బస్సు మీద నించి పోయింది" అన్నాడంట. ఆయన మేకని కింద పెట్టినాడు. "నేను దించలేదన్నా. సంతలో కొన్నా. అంత చౌకగా ఎందుకిస్తున్నాడో తెలిసే కొన్నాలే" అని మొలతాడుకున్న తాళంచెవి విప్పి చేతిలో పెట్టినాడు. మరి గొలుసో అని చెంచయ్య అడిగితే, "అదీ ఉంచుకో, ఇంక నాకు కట్టేసేదానికి ఏముంది?" అని మేకని ఎత్తుకుని నడిచిపోయినాడంట.

చెంచయ్య సైకిలెక్కి తొక్కతా పోయి ఆయన్ని దాటినాడు. దాటి, ఏమనిపించిందో, కాలు కింద పెట్టినాడు. "ఎక్కు" అన్నాడు. "వద్దులే అన్నా." "ఎక్కవయ్యా, ఈ ఎండలో యాడ దాకా మోస్తావు దాన్ని?" ఆయన వెనక కూర్చున్నాడు, మేక ఒళ్ళో. వాళ్ళ పల్లె దాకా తొక్కినాడు చెంచయ్య. ఆయన దిగి, తల వంచుకుని పోయినాడు.

ఇంటికి పోతే ఆదెమ్మ, "దొరికిందా! మరి మొహం అట్టా పెట్టినావేంది?" అనడిగింది. "దొరికిందే. ఇంకొకాయనకి పోయింది" అన్నాడంట చెంచయ్య.

అదీ సంగతి. ఆ తర్వాత తాళం వేసేవాడా మానినాడా అంటారా? వేసేవాడు నాయనా, వెయ్యకుండా ఎట్టా? మీ సంగతి మాత్రం ఏంది, ఇందాకటి నుంచి చూస్తన్నా, ఒక్కడన్నా తిన్నగా కూర్చున్నాడా, మెడలన్నీ వాకిట్లోకే. పోండి, పోయి మీ సైకిళ్ళు ఉన్నాయో లేదో చూసుకోండి. నాకూ నోరెండింది.