మొగుడి పేరెత్తని మసేనమ్మ, సీనాయన సెక్కలు

మసేనమ్మకి సీనాయన సెక్కలు నేర్పినాడు, అక్కడ మొదలైనాది తంటా అంతా. మసేనమ్మంటే మా పేటలో సేపలెండబెట్టుకునే మనిషే. మొగుడు దానయ్య తెప్ప మీద ఏటకెల్లేవోడు, ఆలకొక ఆడగుంట, సిన్నపిల్ల. సీనాయనంటే ఎవులనుకున్నారు? ఎనకటికి మూట భుజానేసుకుని ఊరూరా పట్టుబట్టలమ్మే సీనా దేశపోలొచ్చేవోరంట. అలాటాయన ఒకడు జొరమొచ్చి ఈల అరుగు మీద పడిపోనాడనుకోండి. మసేనమ్మ గంజి కాసి పోసి బతికించినాది. లేసి కూకున్నాక ఉత్తసేతుల్తో ఎల్లలేక మూటలోంచి రెండు సెక్కలు తీసి ఇచ్చినాడంట. నెలవంకలాగ వొంకర, ఒక పక్క సాపు, ఒక పక్క ఉబ్బు. దోసిట్లో పట్టుకుని, అడగాల్సింది అడిగి, కింద ఒదిలెయ్యాల. ఒకటి సాపు, ఒకటి ఉబ్బు పైకి పడితే అవునని. రెండూ ఉబ్బు పైకి పడితే కాదని. రెండూ సాపే పైకుంటే దేవుడు నవ్వుతన్నాడని, ఇప్పుడు సెప్పడని. ఇంకోటి కూడా సెప్పినాడు, దానయ్య పక్కనే కూకుని ఇన్నాడు. ఎవులి గురించి అడిగితే ఆల పేరు సెప్పాల, ఊరు సెప్పాల, లేపోతే దేవుడికెలా తెలుస్తాది అన్నాడంట. సరే అన్నాది మసేనమ్మ. సీనాయన మూటెత్తుకుని ఎల్లిపోనాడు.

కొత్తగా నేర్సుకున్నోలు ఊరుకుంటారేటి? కోడి పొదుగుతాదా అనడిగినాది, అవునన్నాయి, పొదిగినాది. తప్పిపోయిన మేక దొరుకుతాదా అనడిగినాది, దొరికినాది. దానయ్య నవ్వేవోడు, కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆటినే అడుగు, నన్నడక్కు అనేవోడు. అలాగుండగా ఏటయ్యిందంటే, పక్కింటి ముసిలమ్మ సూరమ్మకి ఒంట్లో బాగులేదు. నా గురించడగవే అన్నాది. మసేనమ్మ పేరు సెప్పి, ఊరు సెప్పి, లేస్తాదా అనడిగి ఒదిలినాది. రెండూ ఉబ్బే. తెల్లారేసరికి ముసిల్ది లేదు. అప్పుడేసినాదమ్మా భయం. నానడక్కపోతే బతికుండునేమో అనుకున్నాది. సెక్కలు ఉట్టి మీద పెట్టీసి, ఇంకడగను బాబూ అని దండమెట్టుకున్నాది.

ఆ మాట నిలిస్తేనా. ఒకనాడు తెప్పలెల్లినాక గాలి తిరిగిపోనాది. సాయంత్రానికి అన్ని తెప్పలూ ఒడ్డుకొచ్చినాయి, దానయ్యది రాలేదు. మీరు సెప్పండి, ఏటి సేస్తాది? ఉట్టి మీంచి సెక్కలు దించినాది. దోసిట్లో పట్టుకున్నాది. పేరు సెప్పాల కదా మరి? మొగుడి పేరు ఎలా సెప్తాది? పెల్లాం నోట పేరొస్తే మొగుడికి ఆయుస్సు తగ్గిపోద్దంటారు కదా మనోలు. అసలే సముద్రం మీదున్నాడు, ఇప్పుడా పేరెత్తడం? అందుకని "మా గుంట అయ్య ఇంటికొస్తాడా" అని ఒదిలీసినాది. రెండూ ఉబ్బే. ఏడవను కూడా ఏడవలేదంట, గుంటని ఒల్లో ఏసుకుని గోడకానుకుని కూకుండిపోనాది.

మర్నాడు మజ్జానం దానయ్య నడిసొచ్చినాడు. తెప్ప ఇరిగిపోతే దుంగ పట్టుకుని ఏ ఊరి ఒడ్డుకో కొట్టుకుపోయి, ఇసకంట నడిసొచ్చినాడన్నమాట. పేటంతా సంబరమే. మసేనమ్మ ఒక్కర్తే గుమ్మం కాడ కట్టెలాగ నిలబడిపోనాది. ఎందుకంటే సెక్కలు రాడన్నాయి. కోడి కాడ అబద్దమాడలేదు, మేక కాడ ఆడలేదు, సూరమ్మ కాడ ఆడలేదు. మరి దానయ్య రాడంటే ఈ వొచ్చినోడెవుడు? ముందు కాల్లు సూసినాది, దెయ్యాలకున్నట్టు ఎనక్కి తిరిగున్నాయేమోనని. తిన్నగానే ఉన్నాయి. నీడ సూసినాది, నీడా ఉన్నాది. అయినా భయం పోదే. అన్నం ఒడ్డించి దూరం జరిగిపోయేది. గుంట "అయ్యా" అని పరిగెడితే రెక్కట్టుకుని లాగీసేది. అలా వానాకాలమంతా గుంటని ఎత్తుకోనివ్వలేదు. ఆయనకేటి తెలుస్తాది పాపం? సావు తప్పించుకుని ఇంటికొచ్చిన మనిషి, సొంత పెల్లామే బెదిరిపోతంటే ఎలాగుంటాదో మీరే అనుకోండి.

ఆకరికి ఒకనాడు గుంటకి కాల్లో ముల్లు గుచ్చుకుని ఏడుస్తంటే దానయ్య వల ఒగ్గేసి లేసినాడు. ముట్టుకోకు అని మసేనమ్మ అడ్డం పడిపోనాది. "నానేటి సేసినానే నీకు?" అన్నాడు. అప్పుడు ఏడ్సి ఏడ్సి అంతా సెప్పీసినాది. ఆయన కోప్పడలేదు. "పేరు సెప్పి అడిగినావా?" అన్నాడు. ఎలా సెప్తాను అన్నాది. మరి పేటలో గుంటలకి అయ్యలు నానొక్కన్నేనా, దేవుడు ఎవుల గురించి సెప్పినాడో అన్నాడు. "ఏమో, నాకు తెల్దు, నిన్ను సూస్తే భయమేస్తన్నాది" అన్నాది. దానయ్య ఎదురుగా మఠమేసుకుని కూకున్నాడు. "అయితే ఇప్పుడు పిలు నన్ను, పేరెట్టి, నానే అయితే పలుకుతాను" అన్నాడు. వొద్దు, ఆయుస్సు తగ్గిపోద్ది అన్నాది. "నువ్విలాగ నన్ను సూసి ఒణుకుతంటే ఆ ఆయుస్సు నానేటి సేసుకోను? పిలు." మసేనమ్మ గుంటని గట్టిగా పట్టుకుని, కల్లు మూసుకుని, "దానయ్యా" అన్నాది.

"ఓయ్" అన్నాడాయన.

అంతే. గుంటని తీసి ఆయన ఒల్లో పెట్టీసినాది. ముల్లు ఆయనే తీసినాడంట.

ఆయుస్సేటి తగ్గలేదు, మనవల్ని ఎత్తుకుని, పల్లూడిపోయి, ముసిలోడయ్యాకే పోనాడు దానయ్య. అప్పట్నించి మా పేటలో ఆడోలం మొగుల్ని పేరెట్టే పిలుస్తాం. పై ఊరోలు ఇని ముక్కు మీద ఏలేసుకుంటారు, ఏసుకోనీ. నానూ పిలుస్తాను మా ముసిలోన్ని. ఈమజ్జిన సెవుడొచ్చి ఎంటనే పలకడు. పలికేదాకా నా పేనం నా కాడుండదు.