ఖాళీగా ఉండాల్సిన ప్లేటు

ఖాళీగా ఉండాల్సిన ప్లేటు మీద మొలిచిందిరా తమ్ముడూ. జరిగింది అదీ. అక్కతో మాట్లాడనని భీష్మించుక్కూర్చున్నావుగా, సరే, మాట్లాడకు. సముద్రంలో పోయింది కుడి చెవేగా, ఎడమది ఉంది. ఇటు తిరిగి విను.

నీ పెళ్ళాం అడిగింది, "వదినా, ఆయన పేరు మీరే కొట్టేశారట?" అని. అవును, కొట్టేశాను. ఎందుకని నువ్వడిగావా?

నువ్వు దిగి తెచ్చిన పగడం ముక్కలకి వంక లేదు. జబ్బుచేసి తెల్లబడింది ఒక్కటీ లేదు. క్యాన్‌లో ఉంచిన శుద్ధి చేసిన ఉప్పునీళ్ళతో వాటిని కడిగి, నూరి, ల్యాబులో బాక్టీరియాని పెంచే ప్లేట్ల మీద పూశాం. పగడం తగలని క్యాన్ నీళ్ళు ఒట్టివి ఇంకో ప్లేటు మీద పూశాం. దాని మీద ఏమీ రాకూడదు. వస్తే ఆ పురుగు నీళ్ళది, పగడానిది కాదు.

వారం చూశాం, ఖాళీ. దాన్ని పక్కన పెట్టేశాం. తర్వాతెప్పుడో పగడం ప్లేట్ల మీద నారింజరంగు చుక్కలొచ్చాయి. జన్యువులు చదివిస్తే ఎక్కడా పోలిక లేని బాక్టీరియా! పగడాన్ని ఆరోగ్యంగా ఉంచేది ఇదేనేమో అని వ్యాసం రాసి పత్రికకి పంపేశాం. దానికి నీ పేరు పెడతానన్నాను. నీ కూతురు బళ్ళో చాటింపు వేసింది.

ఆ తర్వాత అర సర్దుతుంటే ఆ ఖాళీ ప్లేటు చేతికొచ్చింది. అవే చుక్కలు. వాటికేం తొందర, తొందరంతా మాది. క్యాన్ కుళాయి విప్పి చూస్తే లోపలంతా జిగురు. కాపురం అక్కడ! పిల్లాణ్ణి చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నిన్ను సముద్రం అడుక్కి పంపాను.

మా ల్యాబు డైరెక్టరుగారేమన్నారో తెలుసా? "కొత్తదే కదమ్మా, ఎక్కడుంటేనేం? ఆ ప్లేటు పారేయండి."

కొత్తదే, కాదనను. ఒక పూట నా మనసూ ఊగింది. నువ్విక నీళ్ళలోకి దిగలేవు, ఆ పేరొక్కటే నీకు మిగిలేది. కానీ రేపెవరైనా మా మాట నమ్మి, చచ్చిపోతున్న పగడాల మీద దీన్ని మందులా చల్లితే?

ఏంటా చూపు? ఉన్నది ఉన్నట్టు రాసి, పేరు ఉంచొచ్చుగా అనా? కుళాయి జిగురుకి నా తమ్ముడి పేరా! అది కూడా బళ్ళో చెప్పమందామా నీ కూతుర్ని?

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. దాన్ని మళ్ళీ పంపమని డైరెక్టరుగారు పిలిచినప్పుడల్లా అడుగుతూనే ఉన్నారు. పంపలేదు. నువ్వు మాట్లాడినా, మాట్లాడకపోయినా, పంపను.