పగ్గం విప్పిన పొద్దు

ఏలూరు కాలవగట్టున జట్కా తోలే దేవరాజు కొత్తగా కొన్న ఆడగుర్రం, పాత యజమాని కొట్టిన దెబ్బలకు బెదిరి మనిషిని దగ్గరికి రానిచ్చేది కాదు. తొమ్మిది రోజులు పొడవాటి పగ్గంతో దాన్ని ఊరికే నడిపించారు. పదో రోజు పొద్దున్న అతని భార్య మణెమ్మ ఆ పగ్గం కాస్తా విప్పేసింది.

“పారిపోతుందే! రేపు జట్కా నువ్వు లాగుతావా?”

“ముందు మీ చేతిలో చర్నాకోల కింద పడేయండి.”

“అలవాటుగా పట్టుకొచ్చానే. ఇదిగో, పడేశాను.”

“ఇప్పుడు వెనక్కి చూడకుండా నడవండి.”

“వస్తోందా?”

“చెవులు మీవైపు తిప్పింది. నడవండి.”

“మణీ! మెడ మీద వెచ్చగా ఊపిరి తగులుతోందే!”

“అదేనండి! ఇప్పుడు ఆగండి.”

దేవరాజు ఆగాడు. గుర్రమూ ఆగింది. ఎడమకి తిరిగితే అదీ తిరిగింది. అతనికి పట్టలేనంత నవ్వొచ్చింది. పంచె ఎగ్గట్టి పరుగందుకున్నాడు. వెనకే టకటకమని డెక్కల చప్పుడు.

“ఏవండీ, ఆగండి! గట్టు మీద జనమంతా చూస్తున్నారు!”

“నేనాగితే అదీ ఆగిపోతుందే! నాకు ఆగబుద్ధి కావట్లేదు!”