వేలు ఎత్తిన చోటు

"లిస్టు అయిపోయింది అవ్వా. ఇప్పుడు నన్నడిగితే నేనేం చేసేది? స్థలాలు ఇచ్చేది ట్రస్టోళ్లు. కుప్పంలో వాళ్లనే అడగాల."

"అడక్కుండా వస్తానా సారూ? మా చేతిలో ఏముండాది, పెట్టె ఏం సెప్తే అది రాసుకున్నాము, పెట్టెను చేసినోళ్లు మదనపల్లెలో ఉండారు, ఆడికి పో అన్న్యారు. తెల్లారుజామున బస్సెక్కినా."

"అట్లన్నారా?"

"అన్న్యారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యలేదంటారే, అట్టుండాది మా బతుకు. ఆ పూజారివి నువ్వేనంట."

అది 2007 ఎండాకాలం. మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు వెనక, మేడమీద రెండు గదుల కంప్యూటర్ ఆఫీసు. వచ్చిన మనిషి సిద్ధమ్మ, కుప్పం దగ్గర రాతిక్వారీలో కంకర కొడుతుంది. ఎదురుగా ఉన్నది మురళి. క్వారీ ఆడవాళ్లకు ఇళ్లస్థలాలు ఇస్తామన్న ఒక ట్రస్టు కోసం, ముట్టుకుంటే జవాబు రాసుకునే తెరపెట్టెకు ప్రోగ్రాం రాసింది అతనే. పక్క కుర్చీలో సుష్మ, అతనితోపాటు పనిచేసే అమ్మాయి. సంగతేమిటంటే, స్థలం కావాలా వద్దా అని ఆ పెట్టె అడిగింది. నలభై ఒక్కమంది కావాలని ముట్టుకున్నారు, నలభై ఒక్కమందికీ 'వద్దు' అనే చీటీ వచ్చింది. ఆ చీటీలన్నీ ఇప్పుడు సిద్ధమ్మ ఒళ్లో గుడ్డమూటలో ఉన్నాయి. తన రాతలో తప్పుండదని మురళికి గట్టి నమ్మకం, పాపం. ఇంజనీరింగు పాసైన కొత్తలో అందరికీ ఉండే నమ్మకమే అది.

"చీటీ చేతికొచ్చినప్పుడే అడగాల్సింది గదవ్వా."

"చదివేటోళ్లు ఎవరప్పా మాలో? మడిచి రైకలో పెట్టుకున్న్యాము. ఇల్లొచ్చిందని ఆ పొద్దు పాయసం గూడా కాంచినాము. లిస్టు అంటించినాకనే తెలిసింది."

"లిస్టులో ఎవరి పేరూ లేదా?"

"పందొమ్మిది పేర్లుండాయి. చదువుకున్న పిల్లోళ్లవి."

"చూడు మరి. పందొమ్మిది మందికి సరిగ్గానే వచ్చింది గదా. పెట్టెలో తప్పుంటే అందరికీ తప్పే రావాల. మీరే చూసుకోకుండా కింద ఉండే వద్దు గుర్తును ముట్టుంటారు."

"నలభై ఒక్కమందిమీనా?"

"ఏమో, నాకేం తెలుసు? ఆడ నేను లేను గదా."

"సారూ, నేను కొట్లాటకు రాలేదు. మేముండే రేకుల కొట్టాలు క్వారీవాళ్లవి. చెయ్యి ఆడినన్ని దినాలే ఆ కొట్టం. పని మానిన మర్నాడే సామాను బయట పెడతారు. నాకు అరవై దాటినాయి, దగ్గితే రాతిపొడి పడతాది. మందు పేల్చిన పొద్దంతా రేకుల మీద రాళ్లు పడతానే ఉంటాయి. మాది అనే జాగా రెండు సెంట్లుంటే సాలు, ఆడ సావచ్చు అనుకున్న్యాము. అంతే."

"మురళీ, ఆమె అడిగేది న్యాయమే. అట్లాంటి పెట్టె మన దగ్గర ఇంకోటి ఉంది గదా. ఆన్ చేస్తా, అవ్వనే ముట్టుకోమను."

"సాయంత్రానికి ఇంకో ప్రోగ్రాం డెలివరీ పెట్టుకుని ఇదంతా ఇప్పుడా సుష్మా?"

"రెండు నిమిషాలు. అవ్వా, ఇట్లా రా. ఇట్లాంటిదే గదా మీకు పెట్టింది?"

"ఇదేనమ్మా. పైన గంగమ్మతల్లి, ఆమె పాదాల కింద ఇంటూ గుర్తు. అమ్మను ముట్టుకుంటే కావాలని, గుర్తును ముట్టుకుంటే వద్దని సెప్పినారు."

"మురళీ, అమ్మవారి బొమ్మ ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టినా. చదువు రానోళ్లకు అక్షరాలేం తెలుస్తాయి? అమ్మవారి బొమ్మైతే బెదరకుండా ముట్టుకుంటారని. మన ఆఫీసు ఓనరు శెభాష్ అన్నాడు."

"సరే. ముట్టుకో అవ్వా."

"ఉండమ్మా, చెప్పులు బయటిడిచి వస్తా. చేతులు కడుక్కునేదానికి నీళ్లు యాడుండాయి?"

"చేతులెందుకు కడగడం?"

"ఎందుకేంది తల్లీ, అమ్మను ముట్టేది."

"ఆడ, మూలన బిందె ఉంది... ఆఁ, ఇంక కానీ అవ్వా."

"తల్లీ, గంగమ్మా, సల్లంగా సూడు... ఇదో, ముట్టినా."

"చీటీ వస్తాంది... మురళీ, వద్దు అని వచ్చింది!"

"ఎట్లొస్తుంది? పక్కకు జరుగు సుష్మా, నేను ముట్టుకుంటా. ఇదో, చూడు. కావాలి. బంగారంగా పనిచేస్తాంది."

"నువ్వు ముట్టుకుంటే కావాలి, అవ్వ ముట్టుకుంటే వద్దు. పెట్టెకు మనిషిని బట్టి మాటా?"

"అవ్వా, ఇంకోసారి. నిదానంగా. వేలు యాడ పెడతావో చూస్తా."

"మొగం కాడ పెడతానప్పా. పెట్టి, పాదాల దాకా దించి, కండ్లకద్దుకుంటా. ఏ పటానికైనా అట్లనే గదా మొక్కేది? ఇదో... సూసినావా?"

"మురళీ, మళ్లీ వద్దు. అవ్వ వేలు చూసినావా? పాదాల దగ్గర ఆగలేదు. జారి ఇంటూ గుర్తు మీదికొచ్చి, ఆడ లేచింది."

"చూసినా."

"నువ్వు ఏ ఈవెంట్ పట్టుకున్నావు? వేలు పెట్టినప్పుడు వచ్చేదా, ఎత్తినప్పుడు వచ్చేదా?"

"ఎత్తినప్పుడు వచ్చేది."

"అదొక్కటేనా?"

"అదొక్కటే. అవ్వా, టీ తాగుతావా? పొద్దన్నించి ఏమన్నా తిన్నావో లేదో. కిందికి పోయి బన్ను కూడా..."

"టీ వద్దు, బన్నూ వద్దు. మీరేం మాట్లాడుకుంటాండారో నాకూ సెప్పండి. నలభై మందికి పోయి సెప్పాల నేను."

"నువ్వు చెప్తావా మురళీ, నేను చెప్పాలా?"

"నువ్వే చెప్పు సుష్మా."

"ఏం లేదవ్వా. తెర మీద వేలు సంగతి కనిపెట్టేదానికి లైబ్రరీ అని ఒకటుంటుంది. ఎవరో ముందే రాసిపెట్టింది, మేము తెచ్చి వాడుకుంటాము. వేలు పెడితే పెట్టిందని ఒక కబురు చెప్తుంది. జరిపితే జరిపిందని ఒకటి. ఎత్తితే ఎత్తిందని ఒకటి. మురళి మొదటి రెండు కబుర్లూ వినకుండా, ఎత్తిందనే కబురు మాత్రం విన్నాడు. వేలు యాడ లేచిందో అదే మీ జవాబని రాసినాడు."

"అంటే, అమ్మ మీద పెట్టింది లెక్కలేదా?"

"లేదవ్వా."

"మౌస్‌కు అట్లే రాస్తాము సుష్మా! అందరూ అట్లే రాస్తారు. మౌస్ నొక్కినోడు నొక్కిన చోటే వదుల్తాడు. తెరకు గూడా అంతే అనుకున్నా. పెట్టిందీ ఎత్తిందీ ఒకే బొమ్మ మీదనా కాదా అని చూసుంటే చాలు. రెండు లైన్లు. రెండే లైన్లు."

"పంపే ముందు ఎవరితోనన్నా ముట్టించి చూసినావా?"

"నేనూ, నువ్వూ, ఓనరూ."

"మనం ముగ్గురం మొక్కలేదు."

"నాయనా, మీది యాడ?"

"పుంగనూరవ్వా."

"మీయమ్మ ఏం జేస్తాది?"

"టమోటా తోటల్లో కూలికి పోతాది."

"ఆయమ్మ పటానికి ఎట్ట మొక్కుతాది?"

"...నువ్వు మొక్కినట్లే. పొద్దన్నే లేచి క్యాలెండర్లో అమ్మవారికి. చిన్నప్పటి నుంచి చూస్తాండా."

"సూస్తానే ఉండావే."

"చూస్తానే ఉండా అవ్వా. కానీ గ్యాపకం రాలేదు. ఈ కుర్చీలో కూచుంటే ఏదీ గ్యాపకం రాదు. సుష్మా, ఆ ఫోనిట్లియ్. ట్రస్టు రామమూర్తికి చేస్తా."

"ఓనరుకు తెలిస్తే నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీ... హలో, రామమూర్తి సారూ, మదనపల్లె నుంచి మురళిని. పెట్టెకు ప్రోగ్రాం రాసినోణ్ని. సారూ, ఆ నలభై ఒక్క చీటీలూ తప్పు. వాళ్లు వద్దనలేదు... అవును, తప్పు నాదే... కాగితం మీద రాసిస్తా, సంతకం పెడతా... ఎందుకు లాభం లేదు సారూ?... వేరేవాళ్లకు ఎప్పుడు రిజిస్టరైనాయి?... అన్నీనా? నలభై ఒకటీనా?... పునాదులు గూడా తవ్వేసినారా... వాళ్లూ లేనోళ్లే, నిజమే, వాళ్లను లెయ్యమని నేననలేదు... ఇంకో చోట భూమి... ఇంక కొనరా... ఆఫీసే ఎత్తేస్తాండారా... సరే సారూ. సరే."

ఫోను పెట్టేసి మురళి అవ్వ ఒళ్లో ఉన్న గుడ్డమూట వంక చూశాడు.

"ఏమన్న్యాడు నాయనా? సెప్పు. ఏమీ గాదులే."

"వేరేవాళ్లకు రాసిచ్చేసినారంట అవ్వా. వాళ్లూ గుడిసెల్లో ఉండేవాళ్లే. ట్రస్టు దగ్గర ఇంక సెంటు భూమి లేదంట."

"అంటే ఇంగ లేనట్టే."

"లేనట్టే."

"ఊరికే ముట్టుంటే?"

"ఏంది?"

"మొక్కకుండా, ఊరికే ఏలు పెట్టి తీసుంటే? వచ్చుండునా?"

"వచ్చుండేది అవ్వా."

"అందరికీనా?"

"అందరికీ. ఎన్నిసార్లడిగినా అంతే. నన్ను తిట్టరాదా? తిడితే నాకు కొంచెమన్నా నెమ్మదిగా ఉంటుంది."

"తిట్టి ఏం జేసేది."

"అవ్వా, మీ క్వారీలో వాళ్లంతా ఏమనుకుంటాండారు?"

"అమ్మే వద్దనింది అనుకుంటాండారు సుష్మమ్మా. అమ్మను ముట్టి అడిగితే అమ్మే వద్దనింది, ఆ కొట్టాల్లోనే, ఆ దుమ్ములోనే సావమని రాసింది అని. మా పూలమ్మయితే పదైదు దినాలు సరిగ్గా అన్నం తిన్లేదు, అమ్మకు నేనేం తక్కువ జేస్తినని ఒగటే ఏడుపు. ఇప్పుడిప్పుడే తేరుకుంటాండాది. అమ్మ మాటకు ఎదురేముండాదిలే అని, మళ్లీ సమ్మెట పట్టింది."

"అది అబద్ధం అవ్వా! అమ్మవారు వద్దనలేదు. రేపే నేను కుప్పానికొస్తా. ఈ పెట్టె మోసుకొస్తా. అందర్నీ కూచోబెట్టి, వేలు యాడ పడింది, యాడ లేచింది అంతా చూపిస్తా. తిట్టనీ, కొట్టనీ. తప్పు నాదని చెప్తా."

"వద్దు."

"స్థలాలు ఎట్లా ఇప్పించలేను. నిజమన్నా చెప్పనీ..."

"వద్దప్పా. రాబాక."

"ఆమె వద్దంటాంటే నువ్వెందుకు మురళీ..."

"నువ్వుండు సుష్మా. అవ్వా, పూలమ్మ అన్నం మానేసి ఏడ్చిందంటివే. ఆమెకు తెలియద్దా అమ్మవారు కోప్పడలేదని?"

"ఈ చీటీలు ఈడనే పెట్టుకో. పెట్టెను చేసినోళ్లు కనపడలేదు, ఆఫీసు మూసేసుండాదని సెప్తా. అమ్మ వద్దనిందనే ఉండనీ."

"దేనికవ్వా? నిన్నెవరూ ఏమీ అనరు గదా. తప్పు రాసింది నేను."

"రాసింది నువ్వే నాయనా. ఆ పొద్దు చదువుకున్న పిల్లోళ్లు నవ్వుకుంటా టక్కున ముట్టి పోయినారు. ఎనకనే మావోళ్లూ అట్లే ముట్టబోతాంటే, అమ్మను అట్ట ముట్టగూడదని, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని పాదాల దాకా దించి మొక్కించింది నేనే."